క్రుంగ్ థేప్ దర్శనం: అక్షరం వెంట ఒక నగరయాత్ర

బ్యాంకాక్ నగరానికి బయలుదేరే భక్తులు నన్ను అడిగే ప్రశ్న ఒకటున్నది. "శాస్త్రిగారూ, అక్కడ మనవి అనదగిన దేవాలయాలు ఏమున్నవి?" ఆ "మనవి" అన్న మాట దగ్గర నేను కొంచెం ఆగుతాను. అక్కడి ప్రభువులూ ప్రజలూ థేరవాద బౌద్ధులు. ఆ నగరంలోని మహామందిరాలు బుద్ధభగవానునివి. అయినా ఆ మందిరాల ప్రాకారాల మీద రామకథ చిత్రించి ఉన్నది. నగరం పేరులో ఇంద్రుడూ విశ్వకర్మా ఉన్నారు. ఒక వీధి పక్కన శివునికీ గణపతికీ నారాయణునికీ సన్నిధులున్నవి. వీటిని మనవి అనడం సులభం. వారివి ఎట్లా అయినవో తెలుసుకోవడానికి కొంచెం పాఠం కావలెను. ఆ పాఠమే ఈ వ్యాసం. రెండేళ్ళ క్రితం పుష్యమాసంలో, అక్కడ ఉద్యోగం చేస్తున్న నా పూర్వవిద్యార్థి పిలుపు మీద, పద్నాలుగుమంది యాత్రికులతో కలిసి వెళ్ళి చూసినదానిని ఆధారం చేసుకొని చెబుతున్నాను.

విమానాశ్రయంలోనే మొదలుపెట్టవచ్చును. దాని పేరు సువర్ణభూమి. థాయిలిపిలో సంస్కృతంలో ఉన్నట్లే వ్రాస్తారు. చదివేటప్పుడు మాత్రం "సువన్నఫూమ్" అంటారు. వ్రాత ఒకటి, పలుకు ఒకటి. ఈ తేడా యాదృచ్ఛికం కాదు. దానికొక క్రమం ఉన్నది. మన దకారం అక్కడ థకారమవుతుంది. గకారం ఖకారమూ, జకారం ఛకారమూ, బకారం ఫకారమూ అవుతవి. వకారం కొన్ని మాటలలో ఫకారంగా వినబడుతుంది. తకార పకారాలు తరచు దకార బకారాలుగా మెత్తబడతవి. పదం చివరి రేఫమూ లకారమూ నకారంగా ముగుస్తవి. కనుక దేవ శబ్దం "థేప్", నగర శబ్దం "నఖోన్", రాజ శబ్దం "రాఛ", పురి శబ్దం "బురి", సీతాదేవి "సీదా", వాలి "ఫాలి". వారి వారాల పేర్లు వినండి. ఆదిత్యవారం "ఆథిత్", సోమవారం "చన్", మంగళవారం "అంగ్‌ఖాన్", అనగా అంగారుడు. ఈ నాలుగు సూత్రాలు మనసులో పెట్టుకుంటే వీధి పలకలు సగం అర్థమవుతవి. మాతో వచ్చిన ఒక అమ్మగారు మూడవ రోజుకల్లా కారులో కూర్చొని "రాచ్‌బురి అంటే రాజపురి, ఛొన్‌బురి అంటే జలపురి" అని తనకు తానే చదువుకొంటూ వచ్చారు. నా నలభై ఏళ్ళ బోధనలో ఇంత త్వరగా ఫలించిన పాఠం మరొకటి లేదు.

ఇంకొక విషయం ఉన్నది. నన్ను అమితంగా ఆకర్షించినది అదే. చంద్ర శబ్దాన్ని వారు చ, న, ద, ర అక్షరాలన్నీ ఉంచి వ్రాస్తారు. పలికేది "చన్" అని మాత్రమే. పలకని అక్షరం నెత్తిన చిన్న గుర్తొకటి వేస్తారు. ఆ గుర్తు పేరు దండఘాతం. వారి నోట "థన్‌థఖాత్". కర్రతో ఒక దెబ్బ వేసి, నీవు నోరు మూసుకో, కాని నీ స్థానంలో నీవు ఉండు అని అక్షరానికి చెప్పినట్లున్నది. పలకనివాటిని తీసివేయవచ్చును కదా? తీసివేయలేదు. ఆ అక్షరం ఉన్నందువల్లనే, చదివినవాడికి మాట ఎక్కడ పుట్టినదో ఈనాటికీ తెలుస్తున్నది.

ఇక నగరం పేరు. బ్యాంకాక్ అన్నది పరదేశీయులు వాడే పేరు. ప్రజలు "క్రుంగ్ థేప్" అంటారు. అది పూర్తి నామధేయంలో మొదటి రెండు మాటలు మాత్రమే. పూర్తి పేరు లోకంలోని స్థలనామాలన్నిటిలోకీ పొడవైనదిగా గిన్నిస్ గ్రంథంలోకి ఎక్కినది. దానిని మన అక్షరాలలోకి తెచ్చుకుంటే ఇట్లా ఉంటుంది: క్రుంగ్ దేవ మహానగర, అమర రత్నకోశేంద్ర, మహేంద్రాయోధ్య, మహాతిలక భవ, నవరత్న రాజధానీ పురీరమ్య, ఉత్తమ రాజనివేశన మహాస్థాన, అమరవిమానావతారస్థిత, శక్రదత్తీయ విశ్వకర్మ ప్రసిద్ధి. "క్రుంగ్" ఒక్కటే సంస్కృతం కాదు. అది ఖ్మేరు భాష నుండి వచ్చినది, నగరమనే అర్థం. మిగిలినదంతా సంస్కృత పాలీ సమాసమే. చివరి మాటల తాత్పర్యం: ఇంద్రుడు ప్రసాదించినది, విశ్వకర్మ నిర్మించినది. విశ్వకర్మ పేరు పాలీలో "విస్సుకమ్మ" అయి, అక్కడి నుండి థాయి వ్రాతలో "విష్ణుకర్మ" అయి కూర్చున్నది. వైయాకరణునికి ఇది అపభ్రంశమే. కాని ఆ రూపంతోనే వారు రెండువందల ఏళ్ళుగా తమ రాజధానిని పిలుచుకొంటున్నారు. దానిని దిద్దడానికి నేనెవరిని?

ఈ పేరులో ఒక శోకం కూడ దాగి ఉన్నది. "మహేంద్రాయోధ్య" అన్న మాట చూడండి. చావో ఫ్రాయా నదికి ఎగువన వారి పాత రాజధాని అయుత్థయ, అనగా అయోధ్య, ఎవరూ గెలువలేని నగరం. నాలుగు శతాబ్దాలు నిలిచిన ఆ అయోధ్యను 1767లో బర్మా సైన్యం గెలిచి కాల్చివేసినది. దానితోపాటు గ్రంథాలూ కర్మకాండ ప్రతులూ నశించినవి. తరువాత పదిహేనేళ్ళు నదికి పడమటి ఒడ్డున థోన్‌బురి రాజధానిగా ఉన్నది. 1782లో చక్రీ వంశపు మొదటి రాజు తూర్పు ఒడ్డున కొత్త నగరానికి శంకుస్థాపన చేసి, పోయిన అయోధ్య పేరును దాని పేరులో పొదిగినాడు. ఆ వంశపు రాజులను మొదటి రాముడు, రెండవ రాముడు అని లెక్కించడం ఆరవ రాజు కాలంలో వచ్చిన అలవాటు. ఇప్పుడున్న ప్రభువు పదవ రాముడు. ఆయన తండ్రిగారి పేరు మనవారికి పత్రికలలో "భూమిబల్ అదుల్యదేజ్" అని తెలిసినదే. సరిగా విడదీస్తే భూమిబల అతుల్యతేజ.

దర్శనం ఎక్కడ ప్రారంభించవలెనని అడిగితే, నగరస్తంభం దగ్గర అంటాను. వారు దానిని "లక్ ముయాంగ్" అంటారు. 1782 ఏప్రిల్ 21వ తేదీ ఉదయం, జ్యోతిష్కులు నిర్ణయించిన ముహూర్తానికి ఆ స్తంభం నిలిపినారు. అప్పటికి అంతఃపురం లేదు, ప్రాకారం లేదు, ముందు స్తంభమే. దాని చేవకర్ర పేరు "ఛయ్యఫ్రూక్". పైన చెప్పిన సూత్రాలతో విడదీయండి: జయవృక్షం. ఇప్పుడా మందిరంలో రెండు స్తంభాలున్నవి. రెండవది నాలుగవ రాముని కాలంలో చేర్చినది. పర్యాటకులు దీనిని దాటి నేరుగా రాజభవనానికి పోతారు. పది నిమిషాలు ఇక్కడ నిలబడితే, పనికి పోతూ పోతూ చేతులు జోడించి, పూలదండ పెట్టి వెళ్ళే సాధారణ జనాన్ని చూడవచ్చును.

రాజభవన ప్రాంగణంలో వాత్ ఫ్రా కేవ్ ఉన్నది. "వాత్" అంటే ఆలయం. అందులోని బుద్ధమూర్తిని మరకత బుద్ధుడంటారు గాని, శిల నిజానికి పచ్చ కాదు, జేడ్ జాతికి చెందిన ఆకుపచ్చ రాయి. ఎత్తు 66 సెంటీమీటర్లు. మనిషి మోకాలి ఎత్తును కొంచెమే మించిన ఆ మూర్తి కోసమే నగరానికి "రత్నకోశేంద్ర" అన్న పేరు వచ్చినది, ఇంద్రుని రత్నానికి నిలయమని. సంవత్సరానికి మూడుసార్లు, వేసవికీ వానలకూ చలికీ, రాజు స్వయంగా స్వర్ణవస్త్రం మార్పిస్తాడు. మన ఆలయాలలో ఋతువును బట్టి స్వామికి అలంకారం మారడం చూసినవారికి ఇది వింతగా తోచదు. లోపల ఛాయాచిత్రాలు తీయరాదు. కూర్చున్నప్పుడు పాదాలు మూర్తి వైపు చాపరాదు. భుజాలూ మోకాళ్ళూ కప్పి ఉండవలెను. పంచె అభ్యంతరం కాలేదు గాని, ఉత్తరీయం ఒక్కటే కప్పుకొని వెళ్ళేవారు లాల్చీ తొడుక్కొనడం మంచిది.

ఆ మందిరం చుట్టూ ఉన్న మంటపంలో రామకథ 178 చిత్రాలుగా నడుస్తుంది. ఉత్తరద్వారం దగ్గర ప్రారంభించి ప్రదక్షిణంగా చూడవలెను. ఈ కథ పేరు "రామకియెన్", అనగా రామకీర్తి. మొదటి రాముడు 1797లో దీనిని సమగ్రంగా రచింపజేసినాడు. మొదటి చిత్రంలో జనకునికి నాగటిచాలులో సీత దొరకడం కనిపిస్తుంది. అక్కడ నిలబడి మావాళ్ళందరూ ఆనందపడినారు. కొంత దూరం వెళ్ళాక గొడవ మొదలయినది.

రామకియెన్‌లో సీత "థోత్సకన్" కూతురు. థోత్సకన్ అంటే దశకంఠుడు. పుట్టిన బిడ్డ వల్ల వంశనాశనమని విభీషణుడు చెప్పగా కలశంలో పెట్టి నీట విడిచినారు. అంతవరకూ మావాళ్ళు ఓర్చుకొన్నారు. సేతువు కడుతుంటే రావణుని కుమార్తె అయిన ఒక మత్స్యకన్య రాళ్ళు దొంగిలించడం, హనుమ ఆమెను పట్టబోయి ప్రేమించడం చూసేసరికి, మాలో పెద్దాయన ఒకరు, పేరు మోసిన దాత, ముఖం తిప్పుకొన్నారు. "ఇదేమి రామాయణమండీ? బ్రహ్మచారికి ఈ అపచారమా? నేను చూడను" అన్నారు. మార్గదర్శిని అయిన థాయి అమ్మాయికి మాట అర్థం కాకపోయినా స్వరం అర్థమయినది. పాపం, చిన్నబుచ్చుకొన్నది.

నేను ఆయనతో ఇట్లా అన్నాను. "అయ్యా, మైరావణుని కథ మీరు చిన్నప్పుడు విన్నారా?" విన్నానన్నారు. "హనుమ తన వాలాన్ని కోటగా చుట్టి రామలక్ష్మణులను కాపాడినా మైరావణుడు పాతాళానికి ఎత్తుకుపోయినాడు. అక్కడ ద్వారం కాచినవాడు ఎవరు?" ఆయన ఒక క్షణం ఆలోచించి, "మత్స్యవల్లభుడు" అన్నారు. "ఎవరి కొడుకు?" ఆయన మాట్లాడలేదు. హనుమ కొడుకు! ఆ కథ వాల్మీకంలో లేదు. ఉన్నది మన హరికథలలో, తోలుబొమ్మలాటలలో. అదే మైరావణుడు ఇక్కడ "మైయరాప్" అనే పేరుతో గోడ మీద ఉన్నాడు. ఆ ద్వారపాలకుడు "మచ్ఛాను". మన రంగనాథ రామాయణంలోని ఉడుత కూడ వాల్మీకి వ్రాసినది కాదు. ఊర్మిళాదేవి నిద్ర పాటను మన అమ్మమ్మలు ఏ కాండలో చదివి పాడినారు? నేను వాల్మీకాన్ని పాఠం చెప్పి బ్రతికినవాడిని. మూలం మీద నాకున్న పట్టు వదలను. హనుమ బ్రహ్మచర్యమే నాకు ప్రమాణం. కాని మరొక జాతి తన ఇంట రాముని పెట్టుకొని తన పద్ధతిలో పాడుకొన్నప్పుడు, అతిథిగా వెళ్ళినవాడు పీట మీద కూర్చొని వంటకు వంక పెట్టరాదు. పెద్దాయన మిగతా చిత్రాలన్నీ చూశారు. మెచ్చుకోలేదు; చూశారు. చివరికి ఆ అమ్మాయికి నమస్కారం పెట్టారు.

పక్కనే వాత్ ఫో. అసలు పేరు "చేతుఫొన్", జేతవనం. శయనబుద్ధుని మూర్తి 46 మీటర్ల పొడవు. పాదాల అడుగున ముత్యపుచిప్పతో పొదిగిన 108 మంగళచిహ్నాలు. జనమంతా అక్కడికే పోతారు. నేను మాత్రం మంటపాల గోడల దగ్గర ఎక్కువసేపు ఆగిపోయినాను. 1830ల నాటికి మూడవ రాముడు, మళ్ళీ అయుత్థయ వలె ప్రతులు కాలిపోకూడదని కాబోలు, వైద్యం, సాహిత్యం, ఛందస్సు అన్నిటినీ రాతిపలకల మీద చెక్కించి ఎవరైనా వచ్చి చదువుకొనేటట్లు పెట్టించినాడు. ఆ శాసనసముదాయాన్ని యునెస్కో 2011లో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చినది. అందులో ఛందోగ్రంథం ఒకటున్నది. వర్ణవృత్తాలూ మాత్రావృత్తాలూ రెండూ చెప్పేది. నా విద్యార్థి పేర్లు చదివి వినిపించినాడు: "ఇంథరవిచియన్", "వసంతదిలోక్", "సత్థున్". ఇంద్రవజ్ర, వసంతతిలక, శార్దూలం! మన భారత కవులు నడిపిన శార్దూలమే అక్కడ థాయి పదాలతో నడుస్తున్నది. ప్రాంగణంలో ఋషుల చిన్న విగ్రహాలు కూడ ఉన్నవి, కాళ్ళూ చేతులూ మెలివేసి వ్యాయామం చేస్తున్న భంగిమలలో. వాటిని "రూసీ దత్ తోన్" అంటారు. "రూసీ" అంటే ఋషి.

నది దాటితే వాత్ అరుణ్, అరుణుని పేరిట వెలసిన ఆలయం. పింగాణీ ముక్కలు పొదిగిన గోపురం మీద ఐరావతం ఎక్కిన ఇంద్రుని గుర్తుపట్టండి. ఉదయం వెళ్ళవలెనని అందరూ అంటారు గాని, ఎదుటి ఒడ్డు నుండి సాయంసంధ్యలో చూడడమే బాగున్నది. నగర మధ్యంలో, నాలుగు దారుల కూడలిలో, 1956లో ప్రతిష్ఠించిన చతుర్ముఖ బ్రహ్మ మందిరమున్నది. మన దేశంలో బ్రహ్మకు గుడులు అరుదు, గుంటూరు జిల్లా చేబ్రోలు వంటి ఒకటి రెండు చోట్ల తప్ప. అక్కడ ఎప్పుడూ రద్దీ. నర్తకీమణులు మొక్కు తీర్చే నాట్యం చేస్తుంటారు. వీలుంటే జాతీయ ప్రదర్శనశాలకు కూడ ఒక పూట కేటాయించండి. ద్వారవతీ కాలపు బుద్ధమూర్తుల వస్త్రపు మడతలలో మన అమరావతి శిల్పుల ఛాయ ఉన్నదని కళాచరిత్రకారులు చెబుతారు.

చివరి రోజు ఉదయం వాత్ సుథాత్ వైపు వెళ్ళినాము. సుథాత్ అనగా సుదర్శనం, మేరుశిఖరాన ఇంద్రుని పురం. దాని ఎదుట ఎర్రని రెండు మహాస్తంభాలు ఆకాశంలోకి లేచి, పైన అడ్డదూలంతో నిలిచి ఉన్నవి. ఉయ్యాల లేదు, ఉయ్యాలస్తంభాలు మాత్రమే. పేరు "సావో చింగ్ ఛా". మొదట 1784లో నిలిపినారు. 1920లో ఇప్పుడున్న చోటికి మార్చినారు. ఫ్రే అనే మండలం నుండి తెచ్చిన టేకుమానులతో 2007లో పునర్నిర్మించినారు. పూర్వం ఏటా యువకులు ఈ ఉయ్యాల ఎక్కి, గాలిలోకి లేచి, వెదురుగడకు కట్టిన నాణేల సంచిని పండ్లతో అందుకొనేవారు. శివుడు భూలోకానికి దిగివచ్చే ఉత్సవంలో అదొక భాగం. ప్రాణాపాయాలు జరగడం వల్ల 1935 నాటికి ఊగడం ఆపివేసినారు.

ఉత్సవం మాత్రం ఆగలేదు. దాని పేరు "త్రియంపవాయ్ త్రిపవాయ్". ధనుర్మాసంలో తెల్లవారుజామున తిరుప్పావై వినే మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. తిరుమలలో ఆ నెల సుప్రభాతానికి బదులు తిరుప్పావై వినబడుతుంది. మాణిక్యవాచకుల తిరువెంబావై, ఆండాళ్ తిరుప్పావై, ఈ రెండు పేర్లే సముద్రం దాటి, థాయి నోళ్ళలో అరిగి, ఒక ఉత్సవనామంగా మిగిలినవి. ఉయ్యాలకు దగ్గరలోనే "దేవస్థాన్" అని వారు పిలిచే బ్రాహ్మణాలయం ఉన్నది. 1784లో మొదటి రాముడు కట్టించినది. మూడు సన్నిధులు: ఈశ్వరుడు, గణపతి, నారాయణుడు. తెల్లని బట్టలు కట్టి, జుట్టు ముడి వేసుకొన్న ఆస్థాన బ్రాహ్మణులు అక్కడ అర్చకులు. వారి పూర్వులు దక్షిణభారతం నుండి వచ్చినారని పరంపరాగతమైన మాట. రాజపట్టాభిషేకంలో శంఖజలం అందించేదీ, ఏటా వైశాఖమాస ప్రాంతంలో సనాం లువాంగ్ మైదానంలో హలకర్మ జరిపించేదీ వీరే.

ఒక వృద్ధ అర్చకుడు నా విద్యార్థి కోరిక మన్నించి, కైలాసద్వారం తెరిచేటప్పుడు చదివే కొన్ని పద్యాలు వినిపించినారు. ఆయన చేతిలో మడతపుస్తకం ఉన్నది. ఆ వంశాలలో కొన్ని ప్రతులు గ్రంథలిపిలోనే రక్షింపబడినవి. నేను చెవులు రిక్కించి విన్నాను. ఏ మాటా పట్టుకోలేకపోయినాను. థాయిభాష స్వరం ఎక్కి, అక్షరాలు కరిగి, అది తమిళమని చెప్పితే తప్ప తెలియదు. మీకు అర్థం తెలుసునా అని అడిగించినాను. ఆయన నవ్వి, "ఇది దేవుని భాష. మా తాత ఇట్లాగే చెప్పినాడు" అన్నారు.

బయటికి రాగానే మన పెద్దాయన అన్నారు, "శాస్త్రిగారూ, ఏమీ తెలియకుండా చదివి ఏమి ప్రయోజనం? మన వేదపాఠశాలలలో పిల్లలకూ ఇదే కదా జరుగుతున్నది. నేనిచ్చే విరాళం ఇందుకేనా?" ఈ ప్రశ్న నాకు కొత్తది కాదు. అర్థం తెలియక వేదం మోసేవాడిని యాస్కాచార్యులు బరువు మోసే మొద్దుతో పోల్చినాడు. ఆ నింద న్యాయమైనదే. నా విద్యార్థులను నేనూ అట్లాగే మందలించినాను. కాని ఆ రోజు నేను మరొక మాట చెప్పవలసి వచ్చినది. ఆ బ్రాహ్మణులకు తమిళదేశంతో రాకపోకలు తెగిపోయి ఎన్ని తరాలయినవో! భాష పోయినది, అర్థం పోయినది. శబ్దాన్ని మాత్రం, అరిగినదానిని అరిగినట్లే, తండ్రి కొడుకుకు అప్పగిస్తూ వచ్చినాడు. తరువాత గత శతాబ్దంలో తమిళం తెలిసిన పండితులు ఆ ప్రతులు చూసి, ఇవి తిరువెంబావై పద్యాలని గుర్తుపట్టినారు. అర్థం తిరిగి వచ్చినది. అర్థం తెలియదు గనుక ఇక చదవడం మానుదామని ఏ ఒక్క తరమైనా అనుకొని ఉంటే, గుర్తుపట్టడానికి ఏమి మిగిలేది? పలకని అక్షరాన్ని దండఘాతం కింద నిలిపినట్లే ఇదీ. "అర్థం నేర్పే గురువుకు కూడ మీరు విరాళమివ్వండి, నేను అడ్డు చెప్పను, కాని వల్లించే పిల్లవాడికి ఇచ్చేది ఆపవద్దు" అన్నాను. ఆయన సమాధానం చెప్పలేదు. కారు ఎక్కేదాకా ఆ ఎర్రని స్తంభాల వైపే చూస్తున్నారు.

ఈ ఉత్సవం థాయి పంచాంగం ప్రకారం రెండవ మాసంలో, అనగా డిసెంబరు జనవరి నెలలలో, శివునికి పది రోజులు, నారాయణునికి ఐదు రోజులు జరుగుతుంది. చివర మూర్తులను హంసపీఠం మీద ఉంచి ఊపి, జోల పాడి సాగనంపుతారు. మన డోలోత్సవం వంటిదే. వెళ్ళదలచినవారు దేవస్థాన్‌లో వేళలు ముందుగా విచారించుకొనవలెను, మూడు సన్నిధులూ ఎల్లవేళలా తెరచి ఉండవు. లోపల వెనుకవరుసలో కూర్చొని, ఫోను కట్టివేసి, వినండి.